జవాబు రాని దరఖాస్తులు

మా పెద్దబ్బాయి గదిలో ఒక నోటుపుస్తకం ఉండేది. బడి పిల్లలు లెక్కలు చేసుకునే మామూలు పుస్తకమే. అందులో వాడు స్కేలు పెట్టి నాలుగు గళ్లు గీసుకున్నాడు. మొదటి గడిలో తేదీ, రెండవ గడిలో కంపెనీ పేరు, మూడవ గడిలో ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడో ఆ వివరం రాసుకున్నాడు. నాలుగవ గడి పైన 'జవాబు' అని రాసి ఉంది. ఒకరోజు వాడు ఇంట్లో లేనప్పుడు ఆ పుస్తకం మా చేతికి వచ్చింది. పేజీలు తిప్పాము. మొదటి మూడు గళ్లు నిండుగా ఉన్నాయి. నాలుగవ గడి మాత్రం పేజీ తరువాత పేజీ తెల్లగా ఉంది. లెక్కపెడితే మొత్తం 212 వరుసలు. వాటిలో తొమ్మిదింటికి మాత్రమే జవాబు వచ్చింది. ఆ తొమ్మిదీ 'లేదు' అన్న జవాబులే. అయినా వాడు వాటి పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టుకున్నాడు. 'లేదు' అని చెప్పినవారు కూడా వాడికి మేలు చేసినవారుగానే తోచారు కాబోలు!

ఆ పూట మాకు అన్నం సహించలేదు. ఎందుకంటే రోజూ ఇషా నమాజు నుంచి వచ్చి భోజనానికి కూర్చోగానే మేము వాణ్ణి అడిగే ప్రశ్న ఒకటే. "ఏమైంది బేటా, ఎవరైనా పిలిచారా?" వాడు తల వంచుకొని పళ్లెం వైపు చూసేవాడు. మేము దాన్ని నిర్లక్ష్యం అనుకున్నాము. పక్కవీధి అబ్బాయి జిద్దా వెళ్లి ఇంటికి డబ్బు పంపుతున్నాడని, ఎదురింటి అమ్మాయి బ్యాంకు పరీక్ష గట్టెక్కిందని నాలుగు మాటలు కూడా అన్నాము. 212 చోట్ల అడిగి, 203 చోట్ల మౌనాన్ని భరించిన పిల్లవాడు మాకు మాత్రం ఏమని జవాబు చెప్పగలడు?

ఉద్యోగం వెతుక్కునే పిల్లలు ఉన్న ఇళ్లలో నేడు ఈ బాధ లేని ఇల్లు అరుదు. అందుకే మా ఇంటి సంగతి అయినా దాచుకోకుండా పాఠకుల ముందు పెడుతున్నాము.

ఆశ పెట్టుకున్నవాడు

ఉర్దూలో అభ్యర్థిని ఉమ్మీద్‌వార్ అంటారు. ఉమ్మీద్ అంటే ఆశ. ఆశ పెట్టుకున్నవాడే ఉమ్మీద్‌వార్. ఈ మాట తెలుగులోకి కూడా వచ్చింది. పాతకాలపు కచేరీలలో జీతం లేకుండా పని నేర్చుకుంటూ, ఖాళీ వస్తే తనను తీసుకుంటారని ఎదురుచూసే కుర్రవాణ్ణి ఉమేదువారు అనేవారు. ఇదొక్కటే కాదు. దరఖాస్తు, అర్జీ, హాజరు, సిఫారసు, నౌకరీ, జవాబు - ఇవన్నీ మన ఇంట్లోనూ వీధిలోనూ ఒకేలా చెల్లే మాటలు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే మనబోటివారికి ఉద్యోగం దగ్గరకు వచ్చేసరికి రెండు భాషలూ ఒకటే అయిపోతాయి.

దరఖాస్తు అంటే అడగడం. అడిగినవారికి జవాబు చెప్పడం ఏ సమాజంలోనైనా కనీస మర్యాద. వీధిలో ఎవరైనా సలాం చేస్తే మనం తిరిగి సలాం చెప్పకుండా పోము. చెప్పకుండా పోయినవాణ్ణి అహంకారి అంటాము. అలాంటిది ఒక పిల్లవాడు తన చదువు, వయసు, ఊరు, పేరు అన్నీ రాసి 'నాకు పని ఇవ్వండి' అని అడిగితే ఒక్క మాట కూడా తిరిగి రాకపోవడం నేడు మామూలు విషయం అయిపోయింది.

1990 ప్రాంతంలో మేము మదరసా చదువు ముగించుకొని ఉద్యోగం వెతికిన రోజులు మాకు బాగా గుర్తు. ఫుల్‌స్కేప్ కాగితం మీద దరఖాస్తు రాసి, సర్టిఫికెట్ల నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించుకొని, పోస్టల్ ఆర్డరు జతచేసి, సొంత చిరునామా రాసి తపాలా బిళ్ల అంటించిన కవరు కూడా లోపల పెట్టేవాళ్లం. ఉపాధి కల్పనా కార్యాలయంలో పేరు నమోదు చేసుకొని మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్ చేయించుకునేవాళ్లం. 1959లో వచ్చిన చట్టం కింద సంస్థలు తమ ఖాళీలను ఆ కార్యాలయానికి తెలియజేయవలసి ఉండేది. తెలియజేయాలే గాని, అక్కడి నుంచి వచ్చినవారినే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. కనుక ఆ రోజులు బంగారు రోజులని మేము చెప్పబోవడం లేదు. సిఫారసులూ ఉండేవి, లంచాలూ ఉండేవి. కార్డు పాతబడిపోయినా పిలుపు రానివారు ఎందరో ఉన్నారు. అయినా మేము పంపిన కవర్లలో కొన్ని తిరిగి వచ్చేవి. లోపల రెండు పంక్తులు ఉండేవి. 'మీ అర్జీ పరిశీలించాము, ప్రస్తుతం ఖాళీ లేదు' అని. ఆ రెండు పంక్తులు చదువుకొని మరో ఊరికి దరఖాస్తు రాసుకునేవాళ్లం.

ముందు చదివేది యంత్రం

1997లో నౌకరీ డాట్ కామ్ వంటి వెబ్‌సైటు మొదలైనప్పుడు తపాలా ఖర్చు, ప్రయాణం ఖర్చు తప్పాయని అందరూ సంతోషించారు. 2015లో కేంద్ర ప్రభుత్వం కూడా నేషనల్ కెరీర్ సర్వీస్ పేరుతో ఒక పోర్టల్ ప్రారంభించింది. నేడు కర్నూలులో ఇంట్లో కూర్చొని బెంగుళూరు కంపెనీకి దరఖాస్తు పెట్టవచ్చు. సెల్‌ఫోనులో ఒక మీట నొక్కితే చాలు. అయితే మన పిల్లవాడు నొక్కినట్టే దేశంలో వేలమంది అదే మీట నొక్కుతారు. కష్టం అక్కడే మొదలైంది.

మా దగ్గర ఉర్దూ చదువుకున్న ఒక శిష్యుడు ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీ నియామకాల విభాగంలో పనిచేస్తున్నాడు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు అతణ్ణి కూర్చోబెట్టి అడిగాము. అతను దాచకుండా చెప్పాడు. "ఉస్తాద్, పొద్దున ప్రకటన వేస్తే సాయంత్రానికి వందల్లో వచ్చిపడతాయి. చూడడానికి మేము ముగ్గురమే. అందుకని ముందు కంప్యూటరే వడపోస్తుంది. ప్రకటనలో అడిగిన పదాలు దరఖాస్తులో కనబడితే పైకి వస్తుంది, కనబడకపోతే అడుగున పడిపోతుంది. అందంగా ఉండాలని రెండు వరుసలుగా, బొమ్మలతో, పట్టికలతో తయారుచేస్తే కొన్నిసార్లు యంత్రం దాన్ని సరిగా చదవలేదు కూడా. సాదాగా రాసినదే మేలు."

మేము మరో ప్రశ్న వేశాము. "తీసుకోనివారికి ఒక మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?" అతను కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "ఒక్క మీట నొక్కితే అందరికీ వెళ్లిపోతుంది ఉస్తాద్. కానీ అది నొక్కమని మాకు ఎవరూ చెప్పలేదు." కొన్ని ప్రకటనలు వెంటనే భర్తీ చేయడానికి కాదని, ముందు ముందు పనికివస్తాయని దరఖాస్తులు పోగుచేసి పెట్టుకోవడానికి వేసేవని కూడా అతను ఒప్పుకున్నాడు. లేని ఖాళీకి పెట్టిన దరఖాస్తుకు జవాబు ఎలా వస్తుంది? ఇది తెలియక మన పిల్లలు లోపం తమలోనే ఉందనుకొని కుంగిపోతున్నారు.

ఎదురుచూపే ఒక పరీక్ష

ప్రైవేటు సంగతి ఇలా ఉంటే, ప్రభుత్వ ఉద్యోగమైతే ఇలా కాదుకదా అని కొందరు పెద్దలు అంటారు. గద్వాలలో ఉన్న మా చెల్లెలి కూతురి సంగతి వింటే వారు ఆ మాట అనరు. తెలంగాణలో 503 గ్రూప్-1 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 16న ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. ఆ పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. చివరకు పాత నోటిఫికేషనే తీసేసి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. 2024 జూన్ 9న మా మేనకోడలు అదే పరీక్షను మూడవసారి రాసింది. "మామూ, చదవడం నాకు కష్టం కాదు. ఏ రోజు ఏది రద్దవుతుందో తెలియకుండా చదవడమే కష్టం" అని ఆ అమ్మాయి అన్న మాట మాకు ఇంకా చెవిలో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ పోస్టుల కథ ఇంకా పొడుగు. 1998 డీఎస్సీలో అర్హత సాధించీ నియామకం దక్కని అభ్యర్థుల ఫైలు మీద 2022లో ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. అంటే దరఖాస్తుకు జవాబు రావడానికి 24 ఏళ్లు పట్టింది. అప్పటికి వారిలో చాలామందికి తలలు నెరిశాయి. 2018 డీఎస్సీ తరువాత మరో డీఎస్సీ పరీక్ష రాయడానికి 2025 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది 16,347 పోస్టులకు ప్రకటన ఇచ్చి, నియామకాలు కూడా ఆ ఏడాదే చేశారు. ఆగకుండా జరిగితే ఎంత మేలో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆగిన ఏడేళ్లలో వయసు పెరిగిపోయినవారి సంగతి మాత్రం ఎవరు చెప్పగలరు?

మేము చేసిన పొరపాటు

జవాబు రానిచోట మోసగాడి మాట తీపిగా వినిపిస్తుంది. ఇది మేము అనుభవంతో చెబుతున్న మాట.

మా అబ్బాయి వెతుకులాట మొదలై ఏడాదిన్నర గడిచాక ఒక పరిచయస్థుడు హైదరాబాదు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ ఉందని చెప్పాడు. మైత్రివనం చుట్టుపక్కల ఎన్ని కోచింగ్ బోర్డులు ఉంటాయో చూసినవారికి తెలుసు. వాటిలో నిజాయితీగా చదువు చెప్పేవారూ ఉన్నారు. మాకు దొరికినవారు మాత్రం అలాంటివారు కాదు. ఫోను చేయగానే ఎత్తారు. పేరు పెట్టి పలకరించారు. "మీ అబ్బాయి ప్రొఫైల్ చాలా బాగుంది" అన్నారు. ఏడాదిన్నరగా ఎవరూ అనని మాట అది. శిక్షణకని, డిపాజిట్ అని 1,20,000 రూపాయలు అడిగారు. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితం కూడా తామే తయారుచేస్తామన్నారు.

మా అబ్బాయి "వద్దు అబ్బా. లేని అనుభవం ఉందని చెప్పి చేరితే రోజూ భయపడుతూ బతకాలి" అన్నాడు. మేము వినలేదు. అనుభవం కాగితం వద్దులే, శిక్షణ మాత్రం తీసుకో అని సర్దిచెప్పాము. వాడి అమ్మీ గాజులు అమ్మి డబ్బు కట్టాము. రెండు నెలలు ఏవో తరగతులు జరిగాయి. ఒక ఆఫర్ లెటరు కూడా ఇచ్చారు. దాన్ని పట్టుకొని వెళితే ఆ కంపెనీవాళ్లు ఇది మేము ఇచ్చింది కాదన్నారు. తిరిగి వచ్చేసరికి కన్సల్టెన్సీ గదికి తాళం వేసి ఉంది. పిల్లలకు నీతి చెప్పే పంతులు తానే నీతి తప్పే దారి పక్కన నిలబడ్డాడు. మా అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అంతకంటే పెద్ద శిక్ష మాకు లేదు.

కనుక తల్లిదండ్రులు ఈ సంగతులు గట్టిగా గుర్తుంచుకోవాలి. నిజంగా ఉద్యోగం ఇచ్చేవారు డబ్బు ఇస్తారు గాని డబ్బు తీసుకోరు. రిజిస్ట్రేషన్ అని, లాప్‌టాప్ డిపాజిట్ అని, వెరిఫికేషన్ అని ఏ పేరుతో అడిగినా అనుమానించవలసిందే. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. గల్ఫ్‌కు పంపే ఏజెంటు ప్రభుత్వం దగ్గర నమోదు అయి ఉన్నాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అటువంటి ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలకు, దాని మీద 18 శాతం జీఎస్టీకి మించకూడదు. అంటే మొత్తం 35,400. లక్షల్లో అడిగేవాడు నియమం తప్పినవాడే. విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికి వెళ్లాక మార్పిస్తాను అన్నవాడి మాట నమ్మరాదు. థాయ్‌లాండ్‌లో కంప్యూటరు ఉద్యోగమని ఆశపెట్టి మన యువకులను మయన్మార్ తరలిస్తున్నారని 2022 సెప్టెంబరులోనే విదేశాంగ శాఖ హెచ్చరించింది. అక్కడ వారి చేత చేయించేది ఆన్‌లైన్ మోసాల పని. ఉద్యోగం కోసం పోయినవాడు బందీ అవుతున్నాడు.

చేతికి వచ్చేది ఎంత?

ఎట్టకేలకు రెండున్నరేళ్లకు మా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. అమెరికా ఆసుపత్రుల బిల్లుల వ్యవహారం చూసే ఒక హైదరాబాదు కంపెనీలో రాత్రి షిఫ్టు. ఏడాదికి 3,60,000 అన్నారు. మేము వెంటనే పన్నెండుతో భాగించి నెలకు 30,000 అని బంధువులందరికీ చెప్పేశాము. మొదటి జీతం వచ్చాక వాడు మెల్లగా అసలు లెక్క చెప్పాడు.

కంపెనీలు చెప్పే ఆ పెద్ద అంకెను సీటీసీ అంటారు. అది ఆ ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అంతా జీతం కాదు. మా అబ్బాయి లెక్కలో మూలవేతనం 15,000. దాని మీద కంపెనీ వంతు పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. గ్రాట్యుటీ కింద 4.81 శాతం లెక్కన సుమారు 720. బీమాకు 500. ఏడాది చివర పనితీరు చూసి ఇస్తామన్న సొమ్ము నెలకు 2,500. ఇవన్నీ 30,000లో కలిసే ఉన్నాయి. తీసేస్తే 24,480 మిగిలింది. అందులో నుంచి మళ్లీ ఉద్యోగి వంతు పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200 పోతే చేతికి వచ్చింది 22,480. పీఎఫ్ సొమ్ము ఎక్కడికీ పోదు, వాడిదే. గ్రాట్యుటీ మాత్రం శాశ్వత ఉద్యోగికి సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండితేనే చేతికి వస్తుంది. నగరంలో హాస్టలు, తిండి, బస్సు ఖర్చులు పోను ఇంటికి పంపేది ఎంత ఉంటుంది? ఈ లెక్క తెలియక ఎన్నో ఇళ్లలో "ముప్పై వేలు సంపాదిస్తూ ఇంటికి ఏమీ పంపడు" అన్న నింద పిల్లల మీద పడుతోంది. నిశ్చితార్థాల దగ్గర కూడా ఈ పెద్ద అంకే చెప్పుకొని తరువాత మాటలు పడుతున్నారు.

చంద్రుడికి తేదీ తెలియదు

ఉద్యోగం వస్తే కష్టాలు తీరతాయనుకుంటాము. కష్టాల రూపం మారుతుంది, అంతే. మా అబ్బాయి కూర్చునే కంప్యూటరులో ఒక గడియారం ఉంటుందట. కుర్చీలో నుంచి లేచిన ప్రతి నిమిషం అందులో లెక్కపడుతుంది. రాత్రంతా మేలుకొని తెల్లవారుజామున గదికి చేరి, ఊరంతా లేచే వేళకు పడుకుంటాడు. సెలవు రోజున కూడా ఫోనులో ఆఫీసు సందేశాలు ఆగవు.

చేరిన ఏడాది రంజాన్ పండుగకు సెలవు అడిగాడు. పదిహేను రోజుల ముందే కంప్యూటరులో తేదీ వేసి దరఖాస్తు పెట్టాలన్నారు. నెలవంక కనబడితేనే పండుగ అని మనకు తెలుసు. ముందు రోజు సాయంత్రం దాకా తేదీ తేలదు. వాడు ఒక తేదీ వేశాడు, నెలవంక ఆ లెక్కకు కనబడలేదు. పండుగ రోజున మా అబ్బాయి ఆఫీసులో ఉన్నాడు, ఇక్కడ వాడి అమ్మీ షీర్‌ఖుర్మా గిన్నె ముందు కూర్చుంది. మరుసటి ఏడాది వాడు భయం వదిలి పై అధికారి దగ్గరకు వెళ్లి విషయం వివరించాడు. ఆయన మన మతస్థుడు కాదు. సాంతం విని, "రెండు తేదీలకూ పెట్టు, ఒకటి తరువాత రద్దు చేద్దాం" అన్నాడు. అయిదు నిమిషాల పని. అడిగేవరకు ఆయనకు ఇబ్బంది తెలియదు, చెప్పేవరకు వాడికి దారి తెలియదు. జుమా నమాజు వేళ విషయంలోనూ పగటి ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఇలాగే ముందుగా, మర్యాదగా చెప్పి, ఆ సమయాన్ని పని చేసి సర్దుబాటు చేసుకోవడం మంచిది. చాటుగా లేచిపోయి మాట పడడం కంటే అది గౌరవం.

రాజీ, రాజీనామా

ఉర్దూలో రాజీనామా అంటే ఇద్దరూ ఒప్పుకొని రాసుకున్న కాగితం. ఉద్యోగం వదులుకోవడాన్ని ఇస్తీఫా అంటారు. తెలుగులో మాత్రం రాజీనామా అంటేనే ఉద్యోగం వదిలేయడం. నేటి ఆఫీసుల్లో ఈ రెండు అర్థాలూ కలిసిపోయాయి. వదిలిపోవాలన్నా వారిని ఒప్పించవలసిందే. కొన్ని కంపెనీలు మూడు నెలల నోటీసు అడుగుతాయి. కొత్త కంపెనీ నెలలోనే చేరమంటుంది. మధ్యలో పిల్లవాడు నలిగిపోతాడు. కొన్నిచోట్ల బాండు రాయించుకుంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకునేవారూ ఉన్నారు.

అందుకే చేరేటప్పుడే కాగితం చదవాలి. ఒరిజినల్స్ చూపించి నకళ్లు ఇవ్వాలి. పీఎఫ్‌కు ఉండే 12 అంకెల యూఏఎన్ నంబరు తెలుసుకొని, డబ్బు నిజంగా జమ అవుతోందో లేదో చూసుకుంటూ ఉండాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. ఉద్యోగి రాజీనామా చేసినా, యజమాని తొలగించినా రావలసిన వేతనం రెండు పనిదినాలలో చెల్లించాలి. చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ జరిగిపోవు. అయినా తెలిసి అడిగేవాడికి, తెలియక బతిమాలేవాడికి తేడా ఉంటుంది.

మా సొరుగులోని అర్జీలు

ఇంతవరకు కంపెనీలను తప్పుపట్టాము. ఇప్పుడు మా సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

మేము మా పేటలో పెద్దలు నడిపే ఒక చిన్న పాఠశాల కమిటీలో సభ్యులం. అంతకు ముందు ఏడాది ఇంగ్లీషు టీచరు కావాలని గోడల మీద, వాట్సాప్‌లో ప్రకటన వేశాము. 46 దరఖాస్తులు వచ్చాయి. ఒకరిని తీసుకున్నాము. మిగిలిన 45 కట్టకట్టి మా మేజా సొరుగులో పెట్టాము. మా అబ్బాయి నోటుపుస్తకం చూసిన రాత్రి ఆ కట్ట గుర్తుకు వచ్చింది. తీసి చూశాము. ఒక్కో దరఖాస్తుకు ఒక ఫోటో అంటించి ఉంది. కొందరు ముత్యాలవంటి అక్షరాలతో రాశారు. ఒకరు బురఖాలో ఉన్న అమ్మాయి, బి.ఎడ్. మరొకరు మా దగ్గరే చదువుకున్న పిల్లవాడు. ఆ 45 మందిలో ఎవరి నోటుపుస్తకంలోనో మా పాఠశాల పేరు పక్కన నాలుగవ గడి ఖాళీగా ఉండి ఉంటుంది! కంపెనీలకు యంత్రం అడ్డం అని సాకు ఉంది. మాకు ఏ సాకు ఉంది?

మరునాడు, ఆ మరునాడు సాయంత్రాలు కూర్చొని అందరికీ ఫోన్లు చేశాము. అప్పటికి పదకొండు నెలలు గడిచాయి. ఒకతను "ఇప్పుడా చెప్పేది?" అని ఫోను పెట్టేశాడు. అతని కోపం న్యాయమే. ఒక నంబరుకు తల్లి పలికింది. కొడుకు కువైట్‌లో డ్రైవరుగా వెళ్లాడని చెప్పి, "టీచరు అవుతాననేవాడు" అంది. బి.ఎడ్. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "పిలుస్తారేమోనని ఇంకో స్కూలులో చేరకుండా రెండు నెలలు ఆగాను సార్. ఎక్కడెక్కడో అడిగాను. లేదని ఫోను చేసి చెప్పింది మీరొక్కరే" అంది. ఆ మాటకు మేము సిగ్గుపడ్డాము. ఆ రెండు నెలల జీతం ఆ అమ్మాయికి మేము బాకీ ఉన్నట్టే కదా!

మన చేతిలో ఉన్నది

మనలో పెద్ద కంపెనీల యజమానులు తక్కువే. కానీ బట్టల దుకాణం, మందుల షాపు, నర్సింగ్ హోము, ఫంక్షన్ హాలు, ప్రైవేటు పాఠశాల, మస్జిదు కమిటీ - ఇలా నలుగురికి పని ఇచ్చేవారు మనలో ఎందరో ఉన్నారు. వారికి మా విన్నపం ఇది. ప్రకటన వేసేటప్పుడే జీతం ఎంతో, పని గంటలు ఎన్నో చెప్పండి. ఫలానా తేదీలోగా తెలియజేస్తామని చెప్పి, ఆ తేదీకి తెలియజేయండి. తీసుకోనివారికి కూడా ఒక్క పంక్తి పంపండి. దీనికి ఖర్చు లేదు. కంపెనీలలో నియామకాల విభాగాల్లో ఉన్న మన పిల్లలు ఎవరూ చెప్పలేదని ఆగకుండా ఆ ఒక్క మీట నొక్కాలి. మా శిష్యుడు ఈ మాట పై అధికారులకు చెప్పి ఒప్పించాడు. ఇప్పుడు వారి కంపెనీ నుంచి అందరికీ రెండు పంక్తులు వెళుతున్నాయి.

తల్లిదండ్రులకు చెప్పేది కూడా ఒకటి ఉంది. ఉద్యోగం లేని పిల్లవాడు సోమరి కాదు. వాడు రోజూ అడుగుతున్నాడు, రోజూ మౌనం వింటున్నాడు. భోజనం దగ్గరనైనా వాణ్ణి ప్రశాంతంగా తిననివ్వాలి.

మా చిన్నబ్బాయి ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేశాడు. అన్న గీసిన నోటుపుస్తకంలోనే మిగిలిన పేజీలు వాడుకుంటున్నాడు. "ఎవరైనా పిలిచారా?" అని మేము ఇప్పుడు అడగడం లేదు. "ఇవాళ రాసినది చూపించు బేటా" అని అడుగుతున్నాము. ఇద్దరం పక్కపక్కన కూర్చొని అక్షరదోషాలు దిద్దుతున్నాము. నాలుగవ గడి నిండడం మా చేతిలో లేదు. మా సొరుగు ఖాళీ చేసుకోవడం మాత్రం మా చేతిలో ఉంది, చేసుకున్నాము. పాఠకులు కూడా ఇవాళ జుమా నుంచి తిరిగి వచ్చాక తమ దుకాణం సొరుగు ఒకసారి తెరిచి చూసుకోవాలని కోరుతున్నాము. అందులో ఎవరి జవాబు ఆగిపోయి ఉందో!